సిజేరియన్ బిడ్డ: కోతతో కన్నా తేదీతోనే పేచీ

"గుంటకి ఎప్పుడు చూసినా పడిశమే. కోసి తీసిన గుంట కదా, అలాగే ఉంటాది."

ఖరిదాలో మా చెల్లెలి అత్తగారు ఈ మాట అన్నప్పుడు ఆవిడ గొంతులో ఎత్తిపొడుపేమీ లేదు. ఈ ఏడు చలి ఎక్కువగా ఉంది అన్నంత మామూలుగా అంది. నాలుగేళ్ల పిల్ల ముక్కు తుడుచుకుంటూ గుమ్మంలో ఆడుకుంటోంది. చెల్లెలు మాత్రం ఆ మాటను మామూలుగా తీసుకోలేకపోయింది. రాత్రి గిన్నెలు సర్దుతూ అడిగింది: "అప్పా, నిజంగా నావల్లేనా?"

ఖరగ్‌పూర్ రైల్వే పట్నంలో ఖరిదా తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే పేట. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కాలంలో శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ వైపు నుంచి వర్క్‌షాపు పనికి వచ్చినవాళ్ల మనవలు, మునిమనవలు ఇక్కడ ఉంటారు. బజారులో బెంగాలీ, పనిలో హిందీ, ఇంట్లో శ్రీకాకుళం తెలుగు. పురుళ్లు, బారసాలలు, ముహూర్తాలు మాత్రం నూటికి నూరుపాళ్లు మన ఊళ్లవే. పంతులుగారు టెక్కలిలోనో పలాసలోనో ఉంటే ఫోన్ ఉండనే ఉంది.

మా చెల్లెలి కాన్పు కూడా అలాగే జరిగింది. నొప్పులు రాలేదు. రావాల్సిన సమయమూ కాలేదు. "నెలలు నిండాయి, బిడ్డ బరువు బాగుంది" అన్నారు. ముహూర్తం కుదిరింది, నర్సింగ్ హోమ్ వాళ్లు ఆ గంటకు థియేటర్ ఇచ్చారు. బిడ్డ పుట్టిన కాసేపటికే ఎగశ్వాస మొదలైంది. రెండు రోజులు గాజుపెట్టెలో ఆక్సిజన్ మీద ఉంచి, మూడో రోజు తల్లి పక్కలోకి ఇచ్చారు. ఆ రోజు కాగితాల మీద గర్భం వయసు 37 వారాల 2 రోజులు అని ఉంది. అప్పుడు ఆ అంకెను మేమెవరం పట్టించుకోలేదు.

చెల్లెలికి ఆ రాత్రి నేను సరైన జవాబు చెప్పలేకపోయాను. తర్వాత చదివి తెలుసుకున్నదాని సారం ఇది: సిజేరియన్ పిల్లల ఆరోగ్యం గురించి జనంలో ఉన్న భయాల్లో ఎక్కువ భాగం బలహీనమైన ఆధారాల మీద నిలబడ్డవి. గట్టి ఆధారం ఉన్న ప్రమాదం గురించి మాత్రం ఎవరూ పెద్దగా మాట్లాడరు. అది కోతలో కన్నా తేదీలో ఉంది.

ఊపిరితిత్తుల్లోని నీరు

కడుపులో ఉన్నంతకాలం బిడ్డ ఊపిరితిత్తుల్లో గాలి ఉండదు, నీరు ఉంటుంది. అది బయటి నుంచి చేరిన ఉమ్మనీరు కాదు. ఊపిరితిత్తుల గోడలే దాన్ని ఊరిస్తుంటాయి. ఊపిరితిత్తులు ఎదగడానికి ఆ నీరు కావాలి. కానీ పుట్టిన మరుక్షణం అదే అడ్డం. నిమిషాల్లో అది పోయి ఆ చోటికి గాలి రావాలి.

యోనిమార్గంలో బిడ్డ నలిగి వస్తుంది కాబట్టి నీరు పిండినట్టు బయటికి పోతుందని చాలాకాలం అనుకున్నారు. అది జరిగినా అసలు కథలో చిన్న ముక్కే. నొప్పులు మొదలయ్యాక బిడ్డ ఒంట్లో అడ్రినలిన్ జాతి హార్మోన్లు ఒక్కసారిగా పెరుగుతాయి. అవి ఊపిరితిత్తుల కణాలను తిప్పేస్తాయి. అప్పటిదాకా నీరు ఊరించిన గోడలు సోడియంను లోపలికి లాగుతూ, దాని వెంట నీటినీ పీల్చుకోవడం మొదలుపెడతాయి. అంటే నొప్పులు తల్లికి బాధే అయినా, బిడ్డకు అవి ప్రయాణానికి ముందు వచ్చే కబురు లాంటివి.

ఆ కబురు అందకుండానే బిడ్డను బయటికి తీస్తే నీరు ఇంకా లోపలే ఉంటుంది. బిడ్డ నిమిషానికి అరవై సార్లకు పైగా ఊపిరి తీస్తుంది, ముక్కుపుటాలు ఎగరేస్తుంది, మూలుగుతుంది. సాధారణంగా రెండు మూడు రోజుల్లో సర్దుకుంటుంది. కొందరిలో మాత్రం ముదిరి, వెంటిలేటర్ దాకా వెళ్తుంది.

సిజేరియన్ అన్న ఒకే మాట కింద మనం రెండు వేర్వేరు సంగతుల్ని కలిపేస్తున్నామని ఇక్కడే తెలుస్తుంది. గంటల తరబడి నొప్పులు పడ్డాక, బిడ్డ గుండె వేగం తగ్గిందనో తల దిగడం లేదనో చేసే ఆపరేషన్ ఒకటి. నొప్పులు రాకముందే తేదీ పెట్టుకుని చేసేది మరొకటి. ఊపిరితిత్తుల విషయంలో మొదటి రకం బిడ్డకు కబురు అందింది, రెండో రకం బిడ్డకు అందలేదు.

డెన్మార్క్‌లో 34 వేలకు పైగా కాన్పులను పరిశీలించిన అధ్యయనం 2008లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది. 37వ వారంలో ముందే నిర్ణయించుకుని సిజేరియన్ చేసిన బిడ్డల్లో నూటికి 10 మందికి శ్వాస ఇబ్బంది వచ్చింది. అదే వారంలో సహజంగా పుట్టడానికి ఎదురుచూసినవాళ్ల బిడ్డల్లో ముగ్గురికి మించలేదు. 38వ వారంలో ఆ అంకెలు 5.1, 1.7. 39వ వారానికి 2.1, 1.1. రెండు వారాలు ఆగితే పదిలోంచి రెండుకు దిగింది. కత్తి అదే, గాటు అదే. మారింది క్యాలెండర్ ఒక్కటే.

మరుసటి ఏడు అమెరికా నుంచి ఇంకో లెక్క వచ్చింది. మొదటి కాన్పు సిజేరియన్ అయ్యి, రెండోది కూడా తేదీ పెట్టుకుని చేయించుకున్న 13 వేల మందికి పైగా తల్లులను అందులో చూశారు. మూడోవంతుకు పైగా ఆపరేషన్లు 39 వారాలు నిండకముందే జరిగాయి. శ్వాస ఇబ్బంది, షుగర్ పడిపోవడం, ఇన్‌ఫెక్షన్, ఐసీయూలో చేర్చాల్సి రావడం వంటివన్నీ కలిపి లెక్కిస్తే 37వ వారంలో నూటికి 15 మంది, 38లో 11, 39లో 8 మంది బిడ్డలు ఇబ్బంది పడ్డారు. తల్లికీ బిడ్డకూ వేరే ముప్పు లేనప్పుడు తేదీ పెట్టి చేసే సిజేరియన్‌ను 39 వారాలు నిండేదాకా ఆపాలని వైద్య సంఘాలు చెప్పడానికి ఇలాంటి లెక్కలే ఆధారం.

తొమ్మిది నెలలంటే ఎన్ని రోజులు?

"నెలలు నిండాయి" అన్న మాటను మనం ఎంత ధీమాగా వాడతామో అంత సందిగ్ధం అందులో ఉంది. నేను కాగితం, పెన్సిల్ తీసుకుని కూర్చుంటేగాని ఇది నాకూ తట్టలేదు.

డాక్టర్ల లెక్క ఆఖరి నెలసరి మొదటి రోజు నుంచి మొదలవుతుంది. నిండు గర్భానికి 280 రోజులు, అంటే 40 వారాలు. ఆఖరి నెలసరి జనవరి 1న వచ్చిందనుకోండి. కాన్పు తేదీ అక్టోబరు 8 అవుతుంది. 39 వారాలు నిండేది అక్టోబరు 1న. అంటే ఇంగ్లిషు నెలలతో సరిగ్గా తొమ్మిది నెలలు. మన అమ్మమ్మలు చెప్పిన తొమ్మిది నెలలకూ, నేటి వైద్యశాస్త్రం గీసిన గీతకూ తేడా లేదన్నమాట.

అయితే నెల అంటే నాలుగు వారాలని లెక్కేసేవాళ్లు చాలామంది. అప్పుడు తొమ్మిది నెలలంటే 36 వారాలే. వైద్యులు దాన్ని నెలలు నిండని కాన్పుగానే లెక్కేస్తారు. ఇక పంచాంగం లెక్కలో చాంద్రమాసం ఇరవై తొమ్మిదిన్నర రోజులు. అలాంటివి తొమ్మిదైతే దాదాపు 266 రోజులు, అంటే 38 వారాలు. అధిక మాసం వచ్చిన ఏడు ఆ గందరగోళం చెప్పనక్కర్లేదు. ఒకే "తొమ్మిది నెలలు" ఒకరి నోట 252 రోజులు, ఇంకొకరి నోట 266, మరొకరి నోట 273. ఇది చాలదన్నట్టు "తొమ్మిదో నెల పడింది" అన్నదాన్ని "తొమ్మిది నిండాయి" అని వినేవాళ్లు ఉంటారు. అలాంటి నెల తేడా చాలు, బిడ్డ గాజుపెట్టెలోకి వెళ్లడానికి.

ఆఖరి నెలసరి తేదీ సరిగా గుర్తులేకపోతే పొరపాటు ఇంకా పెరుగుతుంది. మొదటి మూడు నెలల్లో తీసిన స్కాన్ గర్భం వయసును వారం అటూఇటూగా పట్టుకుంటుంది. ఎనిమిదో నెలలో తీసిన స్కాన్ మూడు వారాల దాకా తప్పవచ్చు. "స్కాన్‌లో బరువు మూడు కిలోలు వచ్చింది, ఇక తీసేయొచ్చు" అనడం కూడా పనికిరాదు. బరువు అంచనా పది పదిహేను శాతం తప్పడం మామూలే. పైగా తల్లికి షుగర్ ఉంటే బిడ్డ బరువు ముందే పెరుగుతుంది, ఊపిరితిత్తులు మాత్రం ఆలస్యంగా ముదురుతాయి.

ముహూర్తం మీద నమ్మకం ఉండాలా వద్దా అన్నది ఈ వ్యాసం తేల్చే సంగతి కాదు. పంతులుగారిని ఏ వారంలో వెతకమని అడుగుతున్నాం అన్నదే ఇక్కడి ప్రశ్న. ఆయనకు మనం ఇచ్చే గడువు నుంచే ఆయన లగ్నం ఎంచుతారు. ఆ గడువు 39 వారాలకు ముందు మొదలైతే, తప్పు పంచాంగానిది కాదు.

పేగుల్లో చేరే తొలి చుట్టాలు

సిజేరియన్ పిల్లల గురించి గత పదిహేనేళ్లుగా ఎక్కువగా వినిపిస్తున్న మాట సూక్ష్మజీవుల గురించి. సహజంగా పుట్టే బిడ్డకు దారిలో తల్లి యోనిలోని, మలంలోని బ్యాక్టీరియా అంటుతుంది. కోతతో వచ్చే బిడ్డకు ముందుగా తగిలేది థియేటర్ గాలి, చేతులు, తల్లి చర్మం.

2019లో నేచర్ పత్రికలో వచ్చిన బ్రిటన్ అధ్యయనం దాదాపు 600 మంది శిశువుల మల నమూనాలను పరీక్షించింది. సిజేరియన్ శిశువుల పేగుల్లో బాక్టీరాయిడిస్ అనే మేలు చేసే జాతి చాలా తక్కువగా ఉంది. ఆసుపత్రుల్లో తిరిగే ఎంటరోకాకస్, క్లెబ్సియెల్లా వంటివి ఎక్కువగా ఉన్నాయి. ఈ తేడా మొదటి వారాల్లో కొట్టొచ్చినట్టు ఉంది, నెలలు గడిచేకొద్దీ తగ్గింది.

ఇందులో పాపమంతా కోతది కాదు. ఆపరేషన్‌కు ముందు తల్లికి యాంటీబయాటిక్ ఇస్తారు. ఇవ్వాలి కూడా, లేకపోతే గాయం చీము పడుతుంది. బొడ్డు కోసేలోపే అది బిడ్డకూ చేరుతుంది. తల్లిపాలు ఆలస్యం కావడం, బిడ్డ కొన్నాళ్లు ఐసీయూలో ఉండటం కూడా పేగుల్లో ఎవరు కాపురం పెట్టాలో నిర్ణయిస్తాయి.

మరి తల్లి స్రావాన్ని గుడ్డతో తీసి బిడ్డకు పూస్తే? 2016లో నలుగురు శిశువుల మీద చేసిన చిన్న ప్రయోగం ప్రపంచమంతా వార్త అయ్యింది. మరుసటి ఏడే అమెరికా ప్రసూతి వైద్యుల సంఘం, పరిశోధనలో భాగంగా తప్ప ఇది చేయవద్దని చెప్పింది. తల్లిలో తెలియకుండా ఉన్న ఇన్‌ఫెక్షన్ బిడ్డకు అంటుకోవచ్చు. వీడియో చూసి ఇంట్లో ప్రయత్నించే పని కాదిది.

ఉబ్బసం, ఊబకాయం, ఆటిజం

మా చెల్లెలి అత్తగారి మాట అసలు ఈ విభాగానికి చెందినది. కోసి తీసిన పిల్లలు పెరిగాక కూడా బలహీనంగా ఉంటారా?

2018లో దాదాపు మూడు కోట్ల మంది సమాచారం ఉన్న 80 అధ్యయనాలను కలిపి చేసిన విశ్లేషణ ప్లాస్ మెడిసిన్ పత్రికలో వచ్చింది. సిజేరియన్ పిల్లల్లో పన్నెండేళ్లలోపు ఉబ్బసం వచ్చే అవకాశం సుమారు 20 శాతం ఎక్కువని, అయిదేళ్లలోపు ఊబకాయం కూడా ఎక్కువని అది తేల్చింది. 20 శాతం అనగానే గుండె గుభేలుమంటుంది. దాన్ని మనుషుల లెక్కలోకి మార్చి చూడండి. ఒక ఊళ్లో సహజంగా పుట్టిన వందమంది పిల్లల్లో పదిమందికి ఉబ్బసం వస్తుందనుకుంటే, సిజేరియన్ పిల్లలు వందమందిలో పన్నెండుమందికి వస్తుంది. మిగతా ఎనభై ఎనిమిది మందికి రాదు.

ఆ ఇద్దరికి కూడా కోతవల్లే వచ్చిందా అంటే చెప్పడం కష్టం. సిజేరియన్ ఎవరికి ఎక్కువ జరుగుతుంది? వయసు పైబడినవాళ్లకు, బరువు ఎక్కువున్నవాళ్లకు, షుగర్, బీపీ ఉన్నవాళ్లకు, నెలలు నిండని కాన్పులకు. ఈ కారణాలే బిడ్డకు ఊబకాయాన్నో ఉబ్బసాన్నో తెచ్చిపెట్టగలవు. గొడుగులు ఎక్కువ కనిపించిన రోజున వాన పడుతుంది. అంతమాత్రాన గొడుగులు వానను తెచ్చాయనలేం కదా.

ఈ చిక్కుముడిని విప్పడానికి పరిశోధకులు తోబుట్టువులను పోల్చే దారి పట్టారు. ఒకే తల్లి, ఒకే ఇల్లు, ఒకే వంట. ఒకరు కోతతో, ఇంకొకరు సహజంగా పుట్టారు. స్వీడన్‌లో 27 లక్షల మంది పిల్లల మీద చేసిన అధ్యయనం 2015లో వచ్చింది. మామూలుగా పోల్చినప్పుడు సిజేరియన్ పిల్లల్లో ఆటిజం కొంచెం ఎక్కువగా కనిపించింది. అన్నదమ్ములను, అక్కచెల్లెళ్లను పక్కపక్కన పెట్టి చూసేసరికి ఆ తేడా మాయమైంది. కాబట్టి ఆటిజం ఉన్న బిడ్డ తల్లి "ఆ రోజు ఆపరేషన్‌కి ఒప్పుకోకపోయి ఉంటే" అని కుమిలిపోవడానికి ఆధారం లేదు. ఈ ఒక్క వాక్యం ఎంతమందికి చేరితే అంత మంచిది.

ఊబకాయం సంగతి ఇంత తేటగా లేదు. 2016లో వచ్చిన అమెరికా అధ్యయనంలో తోబుట్టువుల మధ్య కూడా తేడా కనిపించింది. 2020లో స్వీడన్ యువకులు దాదాపు 97 వేల మందిని చూసిన అధ్యయనంలో తల్లి బరువును లెక్కలోకి తీసుకోగానే తేడా దాదాపు పోయింది.

ఉబ్బసం మాత్రం అంత తేలిగ్గా కొట్టిపారేసేది కాదు. డెన్మార్క్‌లో 700 మంది పిల్లలను పుట్టుక నుంచి గమనించిన బృందం 2020లో ఒక ఆసక్తికరమైన సంగతి చెప్పింది. ఏడాది వయసుకల్లా పేగుల్లోని సూక్ష్మజీవులు మామూలు తీరుకు వచ్చేసిన సిజేరియన్ పిల్లల్లో ఉబ్బసం ఎక్కువ లేదు. ఏడాదైనా ఆ తీరు మారనివాళ్లలోనే ముప్పు ఎక్కువగా ఉంది. పుట్టిన తీరు ఒక్కటే రాత కాదని, తర్వాతి ఏడాదికి కూడా పని ఉందని ఇది సూచిస్తోంది.

వీటన్నిటికన్నా గట్టి ఆధారం చీటీ వేసి తేల్చే ప్రయోగం. కాన్పు విషయంలో అలా చేయడం అరుదు. ఎదురుకాళ్లతో ఉన్న బిడ్డల విషయంలో చేశారు. 26 దేశాల్లో రెండు వేలమందికి పైగా తల్లులతో జరిపిన ఆ ప్రయోగం 2000లో వచ్చింది. పుట్టిన వెంటనే ప్రాణాపాయం, తీవ్రమైన గాయాలు సిజేరియన్ వైపు స్పష్టంగా తక్కువ. అవసరమైన చోట కోత ఎంత విలువైందో అది చూపించింది. కొందరు పిల్లలను రెండేళ్ల తర్వాత మళ్లీ చూస్తే మరణాల్లోగానీ ఎదుగుదల లోపాల్లోగానీ రెండు వైపులా తేడా లేదు. ఏదో ఒక చిన్నా పెద్దా జబ్బు చేసిందని చెప్పిన తల్లిదండ్రులు మాత్రం సిజేరియన్ వైపే కొంచెం ఎక్కువ.

ఇక మా పిల్ల పడిశం. బడికి వెళ్లే ఆ వయసు పిల్లలకు, ఎలా పుట్టినా సరే, ఏడాదికి ఆరు నుంచి ఎనిమిది సార్లు జలుబు చేయడం మామూలు. అంటే చలికాలంలో దాదాపు నెలకోసారి. పుట్టినప్పటి రెండు రోజుల ఆయాసానికీ, నాలుగేళ్ల తర్వాతి ముక్కు కారడానికీ లంకె వేయడం కుదరదు.

ఏ తలుపు తడితే ఆ అంకె

ఇంత వివరంగా చెప్పుకోవాల్సి రావడానికి కారణం, ఇది ఎవరో కొద్దిమంది సమస్య కాకపోవడం. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశం మొత్తం మీద కాన్పుల్లో సిజేరియన్లు 21.5 శాతం. తెలంగాణలో 60.7 శాతం, దేశంలోనే అత్యధికం. ఆంధ్రప్రదేశ్‌లో 42.4, పశ్చిమ బెంగాల్‌లో 32.6. కరీంనగర్ జిల్లాలో 80 శాతం దాటింది. జనాభా మొత్తంలో సిజేరియన్లు 10 శాతం దాటాక తల్లీబిడ్డల మరణాలు అంతకంటే తగ్గడం కనిపించలేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పింది.

ఖరిదా ఆడపడుచుకు రెండు దారులు: ఇక్కడే పురుడు పోసుకోవడం, లేదా పుట్టిల్లు ఆంధ్రలో ఉంటే అక్కడికి వెళ్లడం. బెంగాల్ ప్రభుత్వాసుపత్రుల్లో సిజేరియన్లు 22.9 శాతం, ప్రైవేటులో 82.7. ఆంధ్రలో ప్రభుత్వాసుపత్రుల్లో 26.6, ప్రైవేటులో 63. తెలంగాణలో 44.5, 81.5. చిక్కు కేసులు కొన్ని ప్రైవేటుకు చేరతాయన్నది నిజమే. ప్రభుత్వ పెద్దాసుపత్రులకూ చేరతాయి. కాబట్టి ఇరవై మూడుకూ ఎనభై మూడుకూ మధ్య ఉన్న అగాధాన్ని అది పూడ్చలేదు. రాత్రి రెండు గంటలకు వచ్చే నొప్పులకన్నా పొద్దున పదింటికి పెట్టుకున్న ఆపరేషన్ డాక్టరుకు సులువు, ఆసుపత్రికి లాభం, భయపడిన ఇంటివాళ్లకు ఊరట. నొప్పుల గదిలో ఒంటరిగా అరిపించి, కసిరి, చేయి చేసుకునే చోట్లున్నంతకాలం కోతే నయమని అనుకునే అమ్మాయిని తప్పుపట్టడం నాకు చేతకాదు.

తెలంగాణ ఈ అంకె చూసి కదలకుండా కూర్చోలేదు. 2017లో యునిసెఫ్, ఫెర్నాండెజ్ సంస్థలతో కలిసి నర్సులకు మిడ్‌వైఫరీ శిక్షణ మొదలుపెట్టింది. నొప్పులు పడే మనిషి పక్కన విసుగు లేకుండా గంటలు గంటలు కూర్చునే, చేయి తిరిగిన మనిషి ఉండాలన్నది అందులోని ఆలోచన. పూర్వం మన మంత్రసాని చేసిన పనిలో సగం అదే.

మొదటి గంట

సిజేరియన్ తప్పనిసరి అయినవాళ్లు లక్షల్లో ఉంటారు. మాయ అడ్డంగా ఉన్నా, బొడ్డుతాడు ముందు జారినా, బిడ్డ అడ్డం తిరిగినా కోతే ప్రాణం నిలుపుతుంది. అలాంటప్పుడు బిడ్డకు తగ్గే మేలును తిరిగి ఇవ్వగలిగే చోటు పుట్టిన మొదటి గంట. మన ఇళ్లలో ఎక్కువగా పాడయ్యేది కూడా అదే.

తల్లిని కుట్లు వేసి రికవరీ గదికి మారుస్తారు. బిడ్డ ఈలోగా గుడ్డలో చుట్టి నాయనమ్మ చేతికి వస్తుంది. ఆవిడ తేనె నాకిస్తుంది, లేదా చక్కెర నీళ్లు పోస్తుంది, లేదా ఎవరో పరుగున డబ్బాపాలు తెస్తారు. "కోత మనిషికి మూడు రోజులదాకా పాలు పడవు" అన్నది ఖరిదాలో నేను ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. ముర్రుపాలు చెంచాడే ఉంటాయి, బిడ్డకు కావలసింది కూడా ఆ చెంచాడే. తల్లిపాలలో బిడ్డ అరిగించుకోలేని ఒక రకం చక్కెరలుంటాయి. అవి బిడ్డ కోసం కాదు, పేగుల్లోని బిఫిడో బ్యాక్టీరియా కోసం. కోతవల్ల తప్పిపోయిన చుట్టాలను మళ్లీ పిలిచే మార్గాల్లో మనకు తెలిసినంతలో ఇదే ముఖ్యమైనది. తేనె మాత్రం ఏడాది నిండేదాకా బిడ్డ నోట పెట్టకూడదు. అందులో ఉండగల బొట్యులిజం క్రిమి పసిపేగుల్లో విషం తయారుచేస్తుంది.

పుట్టిన గంటలోపు తల్లిపాలు తాగిన పిల్లలు దేశంలో 41.8 శాతమైతే, కాన్పులు దాదాపు అన్నీ ఆసుపత్రుల్లోనే జరిగే తెలంగాణలో 37.1 శాతమేనని అదే సర్వే చెబుతోంది. ఆసుపత్రికి వెళ్లడం పెరిగితే పాలు ముందే అందాలి కదా అనుకుంటాం. సిజేరియన్లు ఆ లెక్కను వెనక్కి లాగుతున్నాయనే నా అనుమానం.

వెన్నుకు మత్తు ఇచ్చి చేసే ఆపరేషన్‌లో తల్లి మెలకువగానే ఉంటుంది. బిడ్డ బాగుంటే థియేటర్‌లోనే తల్లి ఎద మీద, గుడ్డ అడ్డం లేకుండా పడుకోబెట్టవచ్చు. బొడ్డును కనీసం ఒక నిమిషం ఆగి కోస్తే మాయలోని రక్తం కొంత బిడ్డకు చేరి, నెలల తరబడి ఇనుము లోటు రాకుండా కాస్తుంది. సిజేరియన్‌లోనూ ఇది కుదురుతుంది. ఈ రెండింటికీ పైసా ఖర్చు లేదు. ముందే అడిగి ఉంచాలి, అంతే. బల్ల మీద పడుకున్నాక అడిగే ఓపిక ఎవరికీ ఉండదు.

తర్వాతి బిడ్డ

సిజేరియన్ ప్రభావం అనగానే కోసి తీసిన బిడ్డనే చూస్తాం. గాటు మిగిలేది గర్భసంచి మీద, దాని ఫలితం చూడాల్సింది తర్వాత ఆ సంచిలో పెరిగే బిడ్డ. పైన చెప్పిన ప్లాస్ మెడిసిన్ విశ్లేషణలోనే, ముందు సిజేరియన్ అయినవాళ్లకు తర్వాతి గర్భంలో మాయ కిందికి అడ్డంగా ఉండే అవకాశం సుమారు ఒకటిన్నర రెట్లకు పైగా, మాయ గర్భసంచి గోడలోకి పాతుకుపోయే అవకాశం దాదాపు మూడు రెట్లు అని తేలింది. కడుపులోనే బిడ్డ పోయే ముప్పు కూడా కొద్దిగా ఎక్కువే. ఇవి అరుదైనవి. కానీ కోతల సంఖ్య పెరిగేకొద్దీ అరుదు తగ్గుతుంది. ముగ్గురు నలుగురు పిల్లలు కావాలనుకునే ఇంట్లో మొదటి సిజేరియన్ నిర్ణయం ఒక్క బిడ్డ గురించి కాదు.

ఒకసారి కోత అయితే ఇక ఎప్పుడూ కోతే అన్నది కూడా నిజం కాదు. గాటు కింది భాగంలో అడ్డంగా ఉండి, వేరే ఇబ్బంది లేని తల్లుల్లో సహజ కాన్పుకు ప్రయత్నించినవాళ్లలో నూటికి 60 నుంచి 80 మంది సఫలమవుతున్నారు. గాటు విడిపోయే ముప్పు వందలో ఒకరికి కూడా రాదు. వస్తే మాత్రం నిమిషాల్లో ఆపరేషన్ చేయగల చోటు కావాలి, కాబట్టి రక్తం, మత్తు డాక్టరు రాత్రింబవళ్లు ఉండే ఆసుపత్రిలోనే దానికి సిద్ధపడాలి.

మా చెల్లెలు ఇప్పుడు రెండోసారి గర్భవతి. అత్తగారు పంతులుగారికి ఫోన్ చేసే ముందు ఈసారి చెల్లెలు పదకొండో వారంలో తీసిన స్కాన్ కాగితం తెచ్చి ఆవిడ ముందు పెట్టింది. గోడ మీది తెలుగు క్యాలెండర్‌లో 39 వారాలు నిండే రోజు చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టి ఉంది. ఆవిడ కళ్లద్దాలు పెట్టుకుని, వేళ్ల మీద నెలలు లెక్కపెట్టి, మళ్లీ లెక్కపెట్టి అంది: "సరిపోయింది. తొమ్మిదీ నిండాయి. ఆ తర్వాతి మంచిరోజే చూడమంటాను."